బల్ల మీద కాయ కొట్టనివ్వలేదు

నేను బడికి పోయింది తక్కువ. కోరుట్లలో పాత ఇనుప సామాన్ల దుకాణంలో అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివి మిషన్ల పని నేర్చుకున్నాను. అందుకే నా మాట ఎవరూ వినరు. ఇంజనీరు చెబితే వింటారు. కొబ్బరికాయ చెబితే ఇంకా వింటారు. ఆ కోపం ఈ వయసులోనూ తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

అన్నల కాలం అది, అంటే నక్సలైట్ల రోజులు. సిరిసిల్లలో మా ఇంటి ముందుగది ఖాళీ చేసి, దర్వాజా పీకించి, గచ్చు గట్టిగా పోయించి, హైదరాబాదులో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ నుంచి మిల్లింగ్ మిషన్ కొన్నాను. తెలియనివాళ్ళకు చెబుతున్నాను: అది ఇనుమును చెక్కే యంత్రం. పైన కత్తి తిరుగుతుంది, కింద ఇనుప బల్ల ముందుకూ వెనక్కూ కదులుతుంది. చెక్కాల్సిన ముక్కను ఆ బల్ల మీద బిగిస్తాం. బల్లకు వెంట్రుక మందం సొట్ట పడినా చాలు, దాని మీద పుట్టే ప్రతి గేరు చక్రమూ వంకరే. వంకర చక్రం పెడితే మరమగ్గం బట్ట నెయ్యదు, మొత్తుకుంటుంది. మిషన్ పాతదే కానీ బల్ల అద్దంలా ఉంది. ఆ బల్లను చూసే కొన్నాను.

లారీ సిద్దిపేట, ముస్తాబాద్ మీదుగా వచ్చింది. ఆగిన ప్రతిచోటా పోలీసులు పైన కప్పిన తార్పాలిన్ విప్పించారు, నేను మళ్ళీ కట్టాను. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. మరునాడు అన్నలు బంద్ ప్రకటించారని డ్రైవరు మిషన్ దింపించీ దింపించకముందే లారీ తిప్పుకొని వెళ్ళిపోయాడు. మిషన్ మా సందుకు అడ్డంగా, వాకిలికి ఎదురుగా, దొర్లించడానికి వేసిన ఇనుప పైపుల మీద కూర్చుంది. హమాలీలు లోపలికి తోస్తే పని అయిపోయేది. సరిగ్గా అక్కడే ఆగారు.

హమాలీల పెద్ద ఒక ముసలాయన. వరసకేమీ కాడు గానీ నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. సంచిలోంచి కొబ్బరికాయ తీసి బల్ల వైపు నడిచాడు. నేను బల్ల మీద బోర్లా వాలి రెండు చేతులతో కావలించుకున్నాను.

"లే అల్లుడా. కాయ కొట్టాలె."

"అరుగు మీద కొట్టు మామా."

"అరుగును నేను తోస్తున్ననా? ఎన్కట ఓ డ్రమ్ము కాయ కొట్టకుంట దించినం. ఇగో చూడు." కాలు చూపించాడు. ఒక వేలు లేదు.

"గా వేలు పైపు జారి పోయుంటది."

"నువ్వు చూసినవా?"

చూడలేదు. అయినా పైపే.

"గీ బల్ల కాయ కొట్టనీకె చేసినట్టే ఉన్నది. మంచి అంచు గూడ ఉన్నది," అన్నాడు ముచ్చటగా.

వెంట్రుక మందం సొట్ట సంగతి మొదటి నుంచి వివరించాను. మామ ఓపికగా విన్నాడు.

"నీ నెత్తి మీద ఎంటికలే లేవు. గా మందం నీకెట్ల తెలిసింది?"

హమాలీలు నవ్వుకుంటూ అరుగు మీద కూర్చొని బీడీలు ముట్టించారు. మా ఇంటామె బయటికి వచ్చింది.

"కొడ్తనంటుండు, కొట్టనియ్యరాదా? వాడకట్టంత చూస్తున్నది, మిషన్ను కావలించుకున్న మొగోన్ని."

ఎదురింటి మగ్గం అతన్ని సాయం పిలిచాను. కార్మిక సంఘంలో తిరిగేవాడు, మూఢనమ్మకాల మీద మైకు దొరికితే వదిలేవాడు కాడు. పైగా చక్రం పళ్ళు విరిగి అతని మగ్గం ఆగిపోయి ఉంది, నా మొదటి గేరు అతనికే.

"తమ్మీ, నువ్వన్న చెప్పు."

అరుగు మీది హమాలీల వైపు ఒకసారి చూశాడు. "దేవుడు లేడన్నా, గది సైన్సు. కాని మిషన్‌కు కాయ కొట్టుడు కార్మికుల ఆనవాయితీ. గౌరవించాలె."

"గది మూఢనమ్మకం కాదా?"

"దొరలు చేస్తె మూఢనమ్మకం."

ఇంతలో సందు చివర పోలీసు జీపు ఆగింది. బంద్ వస్తే రోడ్లకు అడ్డంగా చెట్లు, బండలు పడే రోజులు. వాటి కింద మందుపాతర ఉంటుందని పోలీసులకు భయం. ఇక్కడ దారికి అడ్డంగా నల్లటి ఇనుప కుప్ప, దాని మీద వాలిన మనిషి. ఒక కానిస్టేబుల్ గోడ చాటు నుంచే అరిచాడు: "ఎవడు పెట్టిండు తొవ్వకు అడ్డం? జరుపుండ్రి!"

"నేనే పెట్టిన. జరుపుమనే నేను గూడ అంటున్న. వీళ్ళు వింటలేరు," అన్నాను.

అప్పుడు ఎస్సై దగ్గరికి వచ్చి మిషన్ చుట్టూ తిరిగాడు. "ఏం చేస్తది గిది?"

"ఏదైనా చేస్తది సార్," అన్నాను గర్వంగా.

మా ఇంటామె నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"గేర్లు సార్. మగ్గాలకు గేర్లు."

"పొద్దు గూకేటాళ్ళకు తొవ్వ ఖాళీ కావాలె. లేకపోతె జీపుకు కట్టి స్టేషనుకు గుంజుకపోత."

జీపు డ్రైవరు దగ్గాడు. "సార్, ఇంజను బంద్ చేసినం కద. తోస్తె గాని లేవదది. ఎన్కకు తోద్దమంటె ఎత్తు, ముంగటికి తోద్దమంటె మిషన్."

ఎస్సై మామ వైపు తిరిగాడు. "అయితె కాయ కొట్టు, జల్ది."

మామ లేచాడు. ప్రభుత్వం, కార్మికులు, సైన్సు, మా ఇంటామె, అందరూ ఒక పక్క. బల్ల, నేను ఒక పక్క. అప్పుడు తట్టింది.

"మామా, నీకు బరువైన ఇనుము మీద కాయ పగలాలె, అంతే కద?"

"అంతే."

"గా జీపు బంపర్ మీద కొట్టు. నీళ్ళు తెచ్చి మిషన్ కాళ్ళ మీద పొయ్యి."

అందరూ ఎస్సై ముఖం చూశారు. ఎస్సై ఆకాశం చూశాడు.

"దానికి గూడ దిష్టి ఉన్నది సార్," అన్నాడు డ్రైవరు.

కాయ ఒక్క దెబ్బకే పగిలింది. బంపర్‌కు సొట్ట పడింది. మామను పిలిచి చూపించాను.

"గది పాతది," అన్నాడు డ్రైవరు.

కొత్తదే. అప్పుడే లేచిన రంగు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పటికీ అంటాను, కొత్తదే.

మిషన్ లోపలికి పోయింది. తర్వాత హమాలీలు, మగ్గం అతను, నేను కలిసి జీపును తోశాం. వెంటనే లేచింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ రోజు నుంచి ఆ జీపును తోయాల్సిన అవసరమే రాలేదట. ఇక్కడేమో మోటారుకు వైర్లు కలిపి బటన్ నొక్కితే కత్తి ఉల్టా తిరిగింది. త్రీ ఫేజు మోటారుకు రెండు వైర్లు అటుదిటు మారితే అంతే, ఏ పుస్తకం చూసినా ఉంటుంది. కానీ గదినిండా జనం.

"కాయ జీపుకు వోయింది. అందుకె గిది అలిగింది," అన్నాడు మామ.

"ప్రజల కాయ రాజ్యం పాలైందన్నా," అన్నాడు మగ్గం అతను, నిజంగా బాధపడుతూ.

వైర్లు మార్చాను, సరిగ్గా తిరిగింది. అది చూడటానికి ఎవరూ లేరు, చాయ్ తాగడానికి పోయారు. సిగరెట్ కాగితం కోసమని ఒక సిగరెట్ కొని, బల్ల మీద ఉక్కు పట్టీ ఆనించి, కింద ఆ కాగితం దూరుతుందేమో ప్రతిచోటా చూశాను. ఎక్కడా దూరలేదు. దుకాణదారు మాత్రం నేను సిగరెట్లు మొదలుపెట్టానని మా ఇంటామెకు చెప్పాడు.

మొదటి చక్రం చెక్కి మగ్గం అతని చేతిలో పెట్టాను. వేలితో పళ్ళన్నీ తడిమాడు. తర్వాత రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

"ఏంది తమ్మీ గది?"

"పండ్లు సమానంగున్నయా లేదా, దగ్గరికెళ్ళి చూస్తున్నన్నా."

మగ్గానికి బిగించి నడిపాడు. మగ్గం మొత్తుకోలేదు.