సూదేసిన తక్కాళి పండ్లు

నిన్న ధర్మపురి మార్కెట్లో తక్కాళి పండ్లు, అదే టమాటాలు, ఏరుతుంటే ఒకదానికి సూదిమొనంత చిల్లు కనిపించింది. పురుగు తొలిచిందే, కానీ నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. చక్కెర జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న తాత ఇంటికొచ్చినాడు. ఆయనకు చూపు సరిగా ఆనదు, ఇంక రోజూ ఇన్సులిన్ సూది అవ్వే వేయాల. నర్సమ్మ దినమూ పొద్దున్నే వచ్చి తాతకు సూది వేసి, తర్వాత సిరంజిలో నీళ్లు నింపి అవ్వకిచ్చేది. పాలకోడు మండీకి పోవాల్సిన మా గంపలోంచి పండ్లు తీసి, అవ్వ వాటికి సూదులు వేసేది.

పండ్లకు జబ్బు చేసిందనుకున్నాను నేను.

"ఎప్పుడు బాగవుతాయవ్వా?"

"నా చెయ్యి వణకని దినం" అనింది అవ్వ.

అయిదో దినం నర్సమ్మ పక్కన నిలబడి చూస్తుంటే, అవ్వ తాత పొట్టకు సూది వేసింది.

"ఇంకా వేయలేదా?" అన్నాడు తాత.

అవ్వ సిరంజి కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పండ్లన్నీ బాగైపోయినాయని నేను గంపలోంచి ఒకటి తీసి కొరికినాను.

ఆ అయిదు దినాలూ నర్సమ్మ దగ్గర వైద్యం చేయించుకున్నది మా అవ్వేనని తెలియడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.