యాదగిరి పేరుతో పాలమూరు దాకా

మహబూబ్‌నగర్ వెళ్లేవాళ్లకు ఏవేవో పనులుంటాయి. నా పని నా ఎడమ చేతి మీదే ఉంది. పెళ్లయిన ఏడాది జాతరలో పొడిపించుకున్న పచ్చబొట్టు: నా భర్త పేరు, యాదగిరి. ఆయన లారీ ప్రమాదంలో పోయి ఐదేళ్లు. వచ్చే నెల నాకు మళ్లీ పెళ్లి. చేసుకోబోయే మనిషి ఆ పేరు గురించి ఒక్క మాటా అనలేదు. అయినా ఆ మనిషి ఎదురుగా ఉంటే నా కుడిచెయ్యి దానంతటదే వెళ్లి దాన్ని కప్పేస్తుంది. ఎన్నాళ్లని కప్పుకోను? నల్లగొండలో దాని మీద వేరే బొమ్మ వేయించుకుంటే సాయంత్రానికి మా ఊరు పానగల్ అంతా తెలుస్తుంది. అందుకే పాలమూరు, అదే మహబూబ్‌నగర్.

అత్తమ్మకు చెబితే "నేనొస్త" అంది. వద్దనడానికి నోరు రాలేదు. యాదగిరి ఆమెకు ఒక్కడే కొడుకు. నాకేమో అమ్మానాన్నలు లేరు. ఆయన పోయాక ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం.

పొద్దున ఆరింటికి నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సెక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు. కిటికీ తెరిచాను, మూశాను, సీటు మారాను.

"కాలుగాలిన పిల్లి లెక్క చేస్తున్నవేందే. జర కూసో" అంది అత్తమ్మ.

దేవరకొండలో ఇడ్లీ తిని కల్వకుర్తి బస్సు మారాం. పత్తి ఏరడానికి పోతున్న ఒకామె పక్కన కూర్చుని నా చెయ్యి చూసింది.

"పెనిమిటి పేరా బిడ్డ?"

నేను నోరు తెరిచేలోపే "మా కొడుకు. లారీ నడుపుతడు" అంది అత్తమ్మ. నేను కొంగు కప్పుకున్నాను. ఆయన ఇంకా బతికే ఉన్నట్టు చెప్పింది. కల్వకుర్తిలో దిగగానే నల్లగొండ వైపు పోయే బస్సు కనబడింది. దాని మెట్టు దాకా వెళ్లాను కూడా.

"గింత దూరం వచ్చి ఎనుకకు పోతవా?" అని అత్తమ్మే రెక్క పట్టి లాగింది.

జడ్చర్ల మీదుగా మధ్యాహ్నానికి మహబూబ్‌నగర్ చేరాం. దుకాణం క్లాక్ టవర్ దగ్గర, ఒక మేడ మీద. పచ్చబొట్టు వేసే అతను నా చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. "పాత పచ్చ మీద లేత రంగు నిలవదక్కా. ముదురు ఆకులెయ్యాలె" అన్నాడు. సరేనన్నాను. అతను దూదితో నా చెయ్యి తుడుస్తున్నాడు.

"ఆగు బిడ్డ. ముందుగాల గా పేరు నాకు ఎయ్యి" అంది అత్తమ్మ.

"ఈ వయసుల నీకెందుకత్తమ్మా?" అన్నాను.

"సచ్చినంక మన ఎంట వచ్చేది పచ్చబొట్టే. నువ్వు ఇంకొకల ఎంట పోతున్నవ్. పోవాలె. మావోడు నా ఎంట వస్తడు."

అతను ఆమెకు షుగర్ ఉందా అని అడిగాడు. లేదంది. నా చేతి మీద పల్చటి కాగితం పరిచి అక్షరాలు గీసుకున్నాడు. దాన్ని ఆమె ముడతల చేతికి అద్దితే, జాతరలో వేసిన ఆ వంకర అక్షరాలే అచ్చంగా దిగాయి. మిషను తిరుగుతుంటే "చీమలు కుట్టినట్టున్నది, గంతే" అంది. ఏడ్చింది నేను. తర్వాత నా చేతి మీది పేరు మీద ఆకులు పరుచుకున్నాయి.

పచ్చబొట్టుకు వెళ్లేవాళ్లు కడుపునిండా తిని వెళ్లండి. చేతులు వదులుగా ఉండే రవికె వేసుకోండి. మహబూబ్‌నగర్‌లో ఇంకేం చూడాలో నన్నడగకండి, నేను చూసింది ఆ ఒక్క గదే.

నాలుగింటికి తిరుగు బస్సెక్కాం, ఇద్దరి చేతులకూ ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని. కల్వకుర్తి దాటాక అత్తమ్మ మెల్లగా అడిగింది.

"నీ లగ్గానికి నేను రావచ్చునా బిడ్డ? వాళ్లేమన్న అనుకుంటరా?"

పొద్దుటి నుంచి ఆ మాట కడుపులో పెట్టుకునే తిరిగిందన్నమాట.

"అప్పగింతలకు నాకెవరున్నరు అత్తమ్మా? నా చెయ్యి పట్టి నువ్వే ఇయ్యాలె" అన్నాను.



"ఇస్త. గని ఏడుస్త. ఆపకు" అంది.