సారయ్య అరవం

కథలాపూర్‌లో మాజీ సిపాయి సారయ్యకు ఆగస్టు పదిహేను అంటే ఏటా ఒక శాలువా, ఒక కథ. శాలువా బడివాళ్లది, కథ ఆయనది.

ఎనభై ఏడులో ఢిల్లీ, కొలంబోలు ఒప్పందం మీద సంతకాలు పెట్టుకున్నాయి. శాంతిసేన పేరుతో శ్రీలంకకు వెళ్లినవాళ్లలో ఇరవై ఏళ్ల సారయ్య కూడా ఉన్నాడు. దిగిన రోజు అక్కడి తమిళులు పూలదండలు వేశారు. కొన్ని నెలలు తిరక్కుండానే అవే ఊళ్లలో తుపాకులు పేలాయి. చిన్న ద్వీపం ఇంటిగొడవ తీర్చడానికి పెద్దన్నలా బయల్దేరిన దేశం, ఆ ఇంట్లోవాళ్ల మాట ఏ మాత్రం విన్నదో దానికే తెలియాలి.

సారయ్య పటాలంలో మిగతావాళ్లంతా ఉత్తరాదివాళ్లు. వాళ్ల దృష్టిలో వింధ్యకు ఇవతలున్నదంతా మద్రాసే. అలా తెలుగు సారయ్య దుబాసీ అయ్యాడు. నాకు అరవం రాదని చెప్పలేదు సరికదా, మీసం మెలేశాడు. ఒకనాడు కాల్పులు దగ్గరపడుతుంటే ఒక పల్లెను ఖాళీ చేయిస్తున్నారు. ఓ ముసలమ్మ గడప మీద కూర్చుని కదలదు. శిబిరానికి వస్తుందేమో అడగమన్నాడు అధికారి. సారయ్య తనకొచ్చిన నాలుగు ముక్కల్లో అడిగాడు. ఆమె రెండు చేతులూ ఊపుతూ "పోదుం, పోదుం" అంది. మన పోదామే కదా అనుకున్నాడు సారయ్య. వస్తుందట సార్ అని చెప్పి, తానే ఎత్తి లారీ ఎక్కించాడు.

భాష రాకున్నా తల్లి మనసు తెలుసుకున్న సిపాయి కథ అది. చప్పట్లు ఏనాడూ తక్కువ పడలేదు.

మొన్న జులైలో సారయ్య పొలంలో బోరు వేయడానికి తమిళనాడు బండి వచ్చింది. మధ్యాహ్నం భార్య ముత్తమ్మ డ్రైవర్‌కు మారు వడ్డించబోతే, అతను పళ్లానికి చేయి అడ్డం పెట్టి "పోదుమ్మా, పోదుం" అన్నాడు.

"యాడికి వోతవు కొడుకా, తిని పో" అంది ముత్తమ్మ.

ఏళ్లుగా ఇటు తిరిగి తెలుగు నేర్చినవాడు, నవ్వాడు. "పోయేది కాదమ్మా. పోదుం అంటే చాలు అని."

ముత్తమ్మ కూడా నవ్వింది. సారయ్య మాత్రం సగం అన్నంలోనే లేచాడు. చేయి కడుక్కుని వెళ్లి పొలం గట్టు మీద కూర్చున్నాడు. ఇక చాలు, వదిలేయండి అన్న మనిషిని మోసుకుపోయి, అందుకు శాలువాలు కప్పించుకున్నాడు.

సాయంత్రం సంగతి విన్న ముత్తమ్మ, "తెల్వక చేసినవు. గీడ ఎవలికెరుక? ఎప్పటి లెక్కనే చెప్పి రా" అంది.

"నాకెరుకైంది గదనే" అన్నాడు సారయ్య.

జెండా పండుగనాడు హెడ్మాస్టరు వెంకటి శాలువా కప్పి మైకు ఇచ్చాడు. సారయ్య మైకు అందుకున్నాడు.

"గా అవ్వ పోదాం అనలే పిల్లలూ. చాలు అన్నది. ఇల్లిడిసి రానన్న మనిషిని నేనే లారీల ఏసిన."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకటి సర్దబోయాడు. "మంచికే చేసిండ్రు గద తాత. పానం కాపాడిండ్రు."

"గది కాదు సార్. లారీ ఎక్కినంక గూడ ఇంటి దిక్కే సూసుకుంట, ఊరు దాటేదాక పోదుం, పోదుం అని ఏడ్సింది. నేను ఆమె ఈపు నిమురుకుంట, పోతనే ఉన్నం గదవ్వా అన్న."