బొడ్డెమ్మలో కలిసిన మన్ను

మొన్న మా చెల్లెలి మనవరాలు హనుమకొండ నుంచి ఆటోలో వచ్చి, తనకు ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, మన వైపు చేలల్లో నేల ఇన్నేళ్లలో ఎంత మారిందో తేల్చడమే తన పనీ అని చెప్పి, కూర్చోకుండానే ఇంకో మాట అడిగింది. "అమ్మమ్మా, నీ కాలపు మన్ను జరంతన్న మిగిలిందా? అది లేకుంటే దేనితోని పోల్చాలె? నా పనే ముంగట పడదు."

నవ్వొచ్చింది నాకు. మన్ను సంగతి నన్నడగాలా! నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పరిశోధన చేస్తే సర్కారే నెలనెలా పైసలిస్తుందంటే ఎవరూ నమ్మేవారు కాదు. రఘునాథపల్లి దగ్గరి మా ఊళ్లో మా నాన్న ఎదురొచ్చిన ప్రతివారికీ అదే చెప్పి, చెప్పిన ప్రతిసారీ తనే కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. అయితే ఏటేటా పని చూపిస్తేనే ఆ ఫెలోషిప్ నిలిచేది. అది ఆగితే నా చదువూ అక్కడితో సరి.

నాదీ మన్ను మీద పరిశోధనే. ఒక ఎండాకాలమంతా చుట్టుపక్కల తిరిగి చేలన్నిటి మన్నూ తెచ్చి, జల్లించి, ఏ చేనుది ఆ చేనుదిగా సంచుల్లో కట్టి ఇంట్లో పెట్టాను. ఒకరోజు గైడుగారిని కలవడానికి వరంగల్ వెళ్లి తిరిగొచ్చేసరికి వాకిట్లో పీట మీద, బతుకమ్మకు ముందు ఆడపిల్లలు మట్టితో చేసి పూజించే బొడ్డెమ్మ అంతస్తులుగా, చుట్టూ ఆడపిల్లల పాట, పక్కన నా ఖాళీ సంచులు. దానికి కావలసిన పుట్టమన్నుకు ఎక్కడికో పోవడం దేనికని మా పెద్దమ్మ నా మన్నంతా ఒక్కటిగా కలిపి పిసికింది. "రాయిరప్ప లేకుండ మస్తు మెత్తగున్నది బిడ్డా, నీ మన్ను" అని మురిసిపోతోంది కూడా. పూజలందుకుంటున్న తల్లిని నిమజ్జనం దాకా కదపకూడదు. కదిపినా, అన్ని చేల మన్నూ కలిసిపోయాక అది నాకెందుకూ కొరగాదు. దొడ్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు నాన్న సైకిలెక్కించుకుని మళ్లీ చేనుచేనుకూ తిప్పాడు. పూత మీదున్న పత్తిలో గుంత తవ్వుతామంటే ఎవరు ఒప్పుకుంటారని నా భయం. ఒక్కరూ కాదనలేదు. అడ్డొచ్చిన మొక్కలు తామే పీకి, గడ్డపార పట్టి, నేను చూపిన లోతుకు తవ్వారు. దోసెడు చాలన్నా వినకుండా గంపలకెత్తి మా ఇంటికి మోసుకొచ్చారు. ఆ మనుషులు గుర్తొస్తే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఫెలోషిప్ నిలిచింది. మిగిలిన మన్ను పారబోయడానికి మనసొప్పక, చేనుకొక సీసా చొప్పున నింపి, ఏ చేనుదో చీటీ అంటించి, ఎన్ని ఇళ్లు మారినా వెంటే తిప్పుకున్నాను.

ఆ సీసాలే అలమారా తెరిచి పిల్లకు చూపించాను. ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూసింది. తర్వాత ఇద్దరం ఫోనులో మ్యాపు పెట్టుకుని ఆ చేలు వెతికాం. ఊరి లోపలి వైపువి కొన్ని ఇంకా చేలుగానే ఉన్నాయి, పిల్ల పనికి ఢోకా లేదు. హైవే వెంటవి మాత్రం ప్లాట్లయ్యాయి, ఇళ్లయ్యాయి. మా నాన్న ఆ పొద్దున సైకిలు మొదట ఆపిన చేను ఇప్పుడు ఎక్కడా లేదు, పిల్ల చేతిలోని ఆ సీసాలో తప్ప.