ఒంటి మీది వెండి

యాకమ్మ టీచరు నోరు పెద్దదని నర్సింహులపేట చుట్టుపక్కల అందరికీ తెలుసు. కోడిగుడ్ల ట్రేలో రెండు పగిలి వచ్చినా బండివాణ్ణి నిలబెట్టి కడిగేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అక్కచెల్లెళ్లు బుద్ధి చెప్పబోతే, "నా నోరు మంచిదైతే నా పిల్లలకు పగిలిన గుడ్లే వస్తయి" అంటుంది. నా పిల్లలు అంటే బీక్యా తండా అంగన్‌వాడీకి వచ్చే ముప్పై ఒక్క మంది. కడుపున పుట్టినవాళ్లు ఆమెకు లేరు. పెళ్లయిన ఐదో ఏడు భర్త యాకయ్య బావిలో పూడిక తీస్తుంటే మట్టిపెళ్ల విరిగి మీద పడి చనిపోయాడు. పెట్టెలో పదో తరగతి పాసయిన కాగితం ఒకటి ఉంటే, దాన్ని పట్టుకుని ఈ కొలువులో చేరింది. ఇరవై ఆరేళ్లు గడిచాయి.

ఊరి నుంచి తండాకు మూడు కిలోమీటర్లు. ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. చేరిన కొత్తలో తండావాళ్ల లంబాడీ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అదే మాటలో పిల్లలకు జోల పాడుతుంది, అదే మాటలో వాళ్ల తండ్రులను తిడుతుంది. ఏ పిల్ల ఏ పూట ఏడుస్తుందో, ఏ ఇంట్లో పిల్లలకిచ్చే బాలామృతం పిండిని లడ్డూలు చేసుకుని పెద్దవాళ్లు కూడా తినేస్తారో ఆమెకు తెలుసు. తెలిసీ చూడకుండా ఊరుకున్నది మాత్రం ఒకటి ఉంది.

అది తూకం.

నెలకోసారి పిల్లలందరినీ తూచాలి. దూలానికి ముల్లు తూకం వేలాడుతుంది, దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల. పిల్లను అందులో కూర్చోబెట్టి, ముల్లు ఆగాక చూసి, ఆ బరువును ఫోన్‌లో కొట్టాలి. వయసుకు తగ్గ బరువుంటే పచ్చ గుర్తు, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. పిల్ల ఒంటి మీద బరువైనవేవీ ఉండకూడదని మొదటి రోజు శిక్షణలోనే చెప్పారు. చేరిన కొత్తలో యాకమ్మ అలాగే తూచేది.

ఎనిమిదేళ్ల కింద తండాలో ఉండే తుల్సీబాయి పెద్దకొడుకు టీక్యా తన బిడ్డను తూకానికి తెచ్చాడు. ఏడాది పిల్లాడు. యాకమ్మ వాడి మొలతాడు, కాళ్ల కడియాలు విప్పి కిటికీలో పెట్టింది. తూచాక మళ్లీ తొడిగింది. మూడో రోజు వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఐదో రోజుకు పోయాడు. నీళ్లు బాగాలేక అయ్యిందని నర్సు చెప్పింది. తండా వినలేదు. టీచరు విప్పింది, దిష్టి జొరబడింది అన్నారు. నాలుగు నెలలు ఒక్క తల్లి కూడా పిల్లను పంపలేదు. ఖాళీ గదిలో ముప్పై గిన్నెలు బోర్లించి పెట్టుకుని యాకమ్మ ఒక్కతే కూర్చునేది. నోరున్న మనిషి ఆ నాలుగు నెలలూ ఎవరినీ ఒక్క మాట అనలేకపోయింది.

ఆ తరువాత ఆమె ఏ పిల్ల వెండి మీదా చెయ్యి వేయలేదు. కడియాలతో, తాయెత్తులతో, మొలతాళ్లతో అలాగే తూచింది. పాము చావదు, కర్ర విరగదు. తల్లులకు కోపం రాదు, పనీ ఆగదు. మొదట్లో మనసులోనే కొంత తీసేసి రాసేది. తీసేస్తే ఎరుపు పడేది. ఎరుపు పడితే పైనుంచి ఫోన్లు, దవాఖానకు తీసుకుపొమ్మంటే తండాలో తగాదాలు. మెల్లగా తీసేయడం కూడా మానేసింది. మూడేళ్లుగా బీక్యా తండాలో ఒక్క ఎర్ర గుర్తు లేదు. కిందటేడు మండల మీటింగులో అందరి ముందు ఆమెకు శాలువా కప్పారు. దాన్ని ఇంట్లో దండెం మీద వేసుకుంది. దాని వైపు చూసినప్పుడల్లా ఎక్కడో గుచ్చుకునేది, చూపు తిప్పుకునేది.

ఈ ఏడు జనవరిలో తుల్సీబాయి చిన్నకొడుకు ప్రకాశ్, కోడలు అనిత మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయారు. వాళ్ల బిడ్డ సోనికి రెండేళ్లు నిండి నెలయింది. పిల్లను నానమ్మ దగ్గర వదిలారు. చేలలో ఘాటుకు పిల్ల దగ్గి దగ్గి చస్తుందని అనిత భయం. ట్రాక్టరు ఎక్కేముందు తుల్సీబాయి తన పెట్టెలోని పాత వెండి తీసింది. పెద్దకొడుకు బిడ్డ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అదొక పట్టింపు. తల్లి దగ్గర లేని పిల్లకు వెండి తోడుండాలి, తల్లి తిరిగొచ్చి తన చేత్తో తీసేదాకా ఎవరూ తీయకూడదు. మొలకు పాత వెండి రూపాయల దండ కట్టింది. కాళ్లకు లావు కడియాలు. అవి మడమ దాటకపోతే సబ్బునురగ రాసి తోశారు. పిల్ల కేకలు పెడుతుంటే పాదం పట్టుకున్నది యాకమ్మే.

వారం తరువాత తూచితే సోని డిసెంబరు కంటే ఆరు వందల గ్రాములు ఎక్కువ తూగింది.

"నీ చేతిల ఏమున్నదో గని తుల్సక్కా, తల్లి పోయినంక పిల్ల ఒళ్లు జేసింది!" అంది యాకమ్మ, నలుగురు తల్లుల ముందు.

వెండి సంగతి ఆమెకు తెలియదా? తెలుసు. తన చేతులతోనే తొడిగింది. కానీ ఎనిమిదేళ్లు కళ్లు మూసుకున్నాక, కళ్లు మూసుకున్న సంగతే మనిషికి గుర్తుండదు. పైగా మంచి మాట. అనడానికి బాగుంటుంది, వినడానికి ఇంకా బాగుంటుంది. తుల్సీబాయి ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వును యాకమ్మ తరువాత చాలాసార్లు తలుచుకోవలసి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక వంద గ్రాములు తగ్గింది. జలుబు చేసింది, సర్దుకుంటుంది అనుకుంది. రాసింది.

మార్చి తూకం రోజు తుల్సీబాయి పొద్దున్నే వచ్చింది. కూలికి పోయే తొందరలో ఉంది. సోని నానమ్మ చంకలో తల వాల్చుకుని ఉంది, ఏడవడం లేదు. ఉయ్యాలలో కూర్చోబెట్టినప్పుడూ ఏడవలేదు. ముల్లు చూసి పిల్లను ఎత్తుకుంటుండగా ఎడమ కాలి కడియం జారి కింద పడింది. బండ మీద ఖణేలుమంది. పిల్లలంతా అటు తిరిగారు.

తుల్సీబాయి చటుక్కున వంగి, కడియం తీసి, పిల్ల పాదంలోకి తోసింది. సబ్బు అక్కరలేదు. తోయాల్సిన పని కూడా లేదు. పాదం మీదుగా, మడమ మీదుగా అదే జారిపోయి కాలికి వదులుగా వేలాడింది.

యాకమ్మ పిల్లను నానమ్మకు ఇచ్చేసింది. బీరువా సొరుగులో అడుగున పడి ఉన్న రంగుల టేపు వెతికి తీసింది. ఆ టేపును పిల్ల రెట్టకు, మోచేతికి పైన, చుడితే ఏ రంగు దగ్గర ఆగుతుందో చూడాలి. బరువు పచ్చగానో పసుపుగానో ఉన్న పిల్లలకు ఇదెందుకులే అనుకుని ఆమె దాన్ని బయటికి తీయక ఎన్నాళ్లయిందో. సోని రెట్ట దాని చుట్టులో పుల్లలా ఉంది. టేపు ఎర్ర రంగు దగ్గర ఆగింది. విప్పి మళ్లీ చుట్టింది. మళ్లీ ఎరుపే.

"తుల్సక్కా, కూలికి పోకు. పిల్లను మానుకోట పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఇయ్యాల్నే."

"ఏమైందని? జర మెత్తగున్నది, అంతే. నువ్వే గద పెరిగిందంటివి?"

"పెరగలే."

"మరి రాస్తివి?"

యాకమ్మకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. వారంలో తగ్గిపోయింది, విరేచనాలయ్యాయేమో అనొచ్చు. అడిగేవాళ్లు లేరు. ఆమె నోటికి అబద్ధం కొత్తదీ కాదు, మూడేళ్లుగా నెలనెలా వేళ్లతో కొడుతూనే ఉంది. కానీ నానమ్మ భుజం మీద వాలిన ఆ తల పైకి లేవడం లేదు.

"వెండితోని కలిపి తూచిన. వెండి బరువు పిల్ల బరువని రాసిన. రెండు నెల్ల సంది గదే రాసిన."

తుల్సీబాయికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"నలుగుట్ల నన్ను మెచ్చుకుంటివి గదనే," అంది. "పిల్ల సక్కగున్నదని నువ్వంటే నేను మిరపతోటకు పోయిన. గింత గట్క చేసి పెట్టి, పక్కింటి ముసల్ది చూస్తదని ఇడిసి పోయిన. తింటలేదని నాకు తెల్వదా? తెల్సు. గని టీచరు పెరిగిందన్నది, టీచరు తూచింది అనుకున్న. నీ మాట పట్టుకొని పోయిన నేను."

ఎనిమిదేళ్ల కింద తన తప్పు లేకుండానే యాకమ్మను తండా అంతా తిట్టింది. ఇప్పుడు తప్పంతా తనదే, తిట్టడానికి ఒక్క మనిషి, ఆ మనిషి తిట్టడం కూడా లేదు.

ఊళ్లో ఆటో నడిపే ఇమ్మానుయేల్ బండిలో బయలుదేరారు. దారిలో యాకమ్మ సూపర్‌వైజర్ తనూజకు ఫోన్ చేసింది. తనూజది చిన్న వయసు, కొలువుకు కొత్తగా వచ్చింది. "పోయిన నెల పసుపే ఉంది కదా టీచరమ్మా, ఒక్క నెలలో రెట్ట ఎరుపు ఎట్ల వస్తది? నేను పైకి ఏం చెప్పాలి?" అని అడిగింది. "నేను తప్పు రాసిన్నని చెప్పు బిడ్డా. నా పేరే చెప్పు," అంది యాకమ్మ. కొలువు పోతుందేమో అనుకుంది యాకమ్మ. వేరే రోజైతే ఆ మాటకే గుండెలు బాదుకునేది. ఆ రోజు అది పక్కన పడి ఉంది, ఎవరిదో సామానులాగా.

వార్డులో నర్సు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీదివన్నీ తీయమంది. తుల్సీబాయి పిల్లను చుట్టుకుని నిలబడింది. తల్లి మాట కోసం అనితకు ఫోన్ చేశారు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. చేలో ఉన్నవాళ్లు ఫోన్లు గుడిసెలో వదిలి పోతారు. మళ్లీ చేశారు. నర్సు రెండుసార్లు అడిగి, మరో మంచం దగ్గరికి పోయింది.

"నేను తియ్యనక్కా," అంది యాకమ్మ. "నేను ముట్టను. నువ్వు తీస్తెనే తియ్యి. గని తియ్యి. నీ కాల్మొక్త."

తుల్సీబాయి ఆమె ముఖంలోకి చూసింది. తరువాత వంగి మొదట కడియాలు తీసింది. అవి చేతికి వాటంతట అవే వచ్చాయి. రూపాయల దండ ముడి మాత్రం ఊడలేదు, పళ్లతో కొరికి విప్పింది. అన్నీ కలిపి యాకమ్మ కొంగు లాక్కుని, అందులో వేసి, గట్టిగా ముడి కట్టింది.

"నీ తాననే ఉండాలె. పిల్ల బతికి ఇంటికొస్తే నువ్వే తెచ్చి ఇయ్యాలె. రాకుంటె..." అని ఆగిపోయింది.

సోని ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగింది. రెండు వారాలు ఉండాలని, మొదటి నాలుగైదు రోజులు గడవాలని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. సాయంత్రానికి అనిత ఫోన్ ఎత్తింది. ఆమె ఏడుపు ఫోన్‌లో నుంచి వార్డంతా వినిపించింది.

మర్నాడు యాకమ్మ సెంటరు తెరిచి, పిల్లలకు అన్నం పెట్టాక, కొంగు ముడి విప్పింది. వెండిని గుడ్డ ఉయ్యాలలో వేసింది. ముల్లు ఎనిమిది వందల దగ్గర ఆగింది, జనవరిలో పిల్ల పెరిగిందని రాసిన ఆరు వందల కంటే ఎక్కువ. రిజిస్టరు తెరిచింది. కాళ్లకో మొలకో వెండి ఉన్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. పద్నాలుగు. సోనిని తీసేస్తే పదమూడు. ఇన్నాళ్లూ పచ్చగా పసుపుగా తెగ మెరిసిన పేర్లవి. ఆమె అక్కడే చాప మీద కూలబడి, పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది.

తరువాత టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వెండి ముట్టలేదు, రెట్ట మాత్రం చాపమంది. ఎందుకని అడిగిన ప్రతి తల్లికీ తను ఏం చేసిందో చెప్పింది. ఒకామె పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. ఇంకొకామె శాలువా సంగతి ఎత్తి పొడిచింది. నాలుగు రోజులు పట్టింది అందరినీ చూడటానికి. పదమూడు మందిలో ఇద్దరి రెట్టల మీద టేపు ఎరుపు చూపించింది. అందులో ఒకటి, తలుపు వేసుకున్న ఇంటి పిల్ల. మూడుసార్లు పోయాక గాని ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తుల్సీబాయి. యాకమ్మ, వెండిని మళ్లీ ముడేసుకున్న కొంగును గుప్పిట్లో పట్టుకుని మరీ ఫోన్ ఎత్తింది.

"రెండు వందలు పెరిగింది," అంది తుల్సీబాయి. గొంతులో మెత్తదనం లేదు. "ఇంక గండం దాటలేదంటున్నరు. అనిత వచ్చింది, పక్కనే ఉన్నది. ఉత్త ఒంటి మీదనే తూచిన్రు, ముల్లు దగ్గర నిలబడి నేనే చూసిన. నువ్వు ఫోన్ల ఏందో కొడతవు గద, గదే కొట్టు. ఎక్కువ కొట్టకు."

"కొట్టనక్కా," అంది యాకమ్మ.