ఆదివారం వాసన, ఒకటో తారీకు బాడుగ

మదనపల్లె ఊరి బయట లేఅవుట్‌లో మేం దిగిన ఇంటికి బాడుగ ఏడు వేలు. దానికి నాలుగింతల జీతం ఉంటేనే తాళంచెవి ఇస్తానంది ఇంటావిడ. మా ఆయన పుంగనూరు దగ్గర ఒక పాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వచ్చేది పద్దెనిమిది వేలు. ముప్పై అని చెప్పాడు. ఇరవై ఎనిమిదంటే సరిపోయేది కదా అన్నాను తర్వాత. చెప్పేది ఎట్లాగూ అబద్ధమే, అందులో పిసినారితనం దేనికన్నాడు.

కుప్పంలో మా పుట్టింట్లో బాడుగ లేకుండా ఉండొచ్చు. కానీ పాప పదో తరగతి. అప్పటికే రెండు బళ్ళు మారింది, ఇంకోసారి మారిస్తే చదువు అటకెక్కుతుంది. పరీక్షలు అయ్యేదాకా ఈ ఇల్లు వదలకూడదనుకున్నాం.

ఇంటావిడ పై అంతస్తులో ఒక్కతే ఉండేది. భర్త లేడు. ఆమె బియ్యమూ మందులూ అన్నీ మా బాడుగలోంచే. మాకన్నా ముందున్నవాళ్ళు మూడు నెలల బాడుగ ఎగ్గొట్టి పోయారట. "మొదట ఆదివారం మటన్ నిలిపినారమ్మా. మర్నెల బాడుగ నిలిపినారు. నేను ముందే కనిపెట్టాల్సింది" అని మేం చేరిన రోజే చెప్పింది. ఆదివారం పదకొండింటికి మెట్ల మీద నిలబడి గాలి పీల్చేది. ఆరోగ్యానికేమో అనుకున్నాను కొన్నాళ్ళు.

జనవరిలో మా ఆయన్ని పనిలోంచి తీసేశారు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని పోవడం మాత్రం మానలేదు. కూలి దొరికిన రోజు టమోటా మండీలో, దొరకని రోజు బస్టాండులో ఉండేవాడు. రెండు నెలల బాడుగ నా కమ్మలు కట్టాయి. మటన్ కొనడానికి నాకింకో జత చెవులు లేవు.

అందుకని ఆదివారాలు మటన్ బదులు ఉర్లగడ్డలే, అదే బంగాళాదుంపలు. మసాలాకు మాత్రం లోటు చేయలేదు. అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగాలు నూరి, ఎర్రగడ్డలు బాగా వేయించి, మెట్ల వైపు కిటికీ తెరిచి పెట్టేదాన్ని.

మార్చిలో ఒక ఆదివారం ఆవిడ కిందికి దిగి వచ్చింది.

"ఏమ్మా, వారం తప్పకుండా తింటాండారే!"

"ఆయనకు ముక్క లేనిదే ముద్ద దిగదమ్మా" అన్నాను.

"నేను తిని ఏడాదయ్యె. మాత్రలకే చాలకుండా ఉండాది. వచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి ఇయ్యండమ్మా. మీకిదొక లెక్కా?"

అయ్యో, అది ఉర్లగడ్డ తల్లీ అని నోటిదాకా వచ్చింది. ఇంతలో లోపల్నుంచి మా ఆయన, "ఇస్తాం లేమ్మా. మేమే చెప్దామనుకుంటాండాం" అన్నాడు. ఆవిడ సంబరంగా మెట్లెక్కింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పని లేదు పాట లేదు, వెయ్యి పెంచేదానికి నువ్వెవరయ్యా? యాడినుంచి తెస్తావు?"

"తేను" అన్నాడు గొంతు తగ్గించి. "కాదంటే ఇప్పుడే కనిపెడతాది, ఖాళీ చేయమంటాది. సరేనంటే ఒకటో తారీకు దాకా మన జోలికి రాదు. పాప పరీక్షలు ఈ నెలలోనే అయిపోతాయి. ఆ మర్నాడే కుప్పం పోదాం."

పైన ఇంటావిడ ఫోనులో కూతురితో గట్టిగా చెబుతోంది. "వచ్చే నెల నుంచి మాత్రలు రెండు పూటలా మింగతాను లే, నువ్వు దిగులు పడొద్దు."

నాకు సిగ్గేసింది. అయినా కిటికీ మూసి, పాపను అన్నానికి పిలిచాను.