అన్నయ్య చేతిలోకి ఎక్కించిన ఉప్పు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మిచిగన్ రాష్ట్రం మొత్తమ్మీద పొటాషియం సంగతి తెలిసిన డాక్టర్ని నేనొక్కణ్ణే. ఎవరేమన్నా ఇప్పటికీ అదే అంటాను. డెట్రాయిట్ పక్కన ఒక ఆసుపత్రిలో రెసిడెంటుగా, అంటే ఇంకా పని నేర్చుకునే డాక్టరుగా, తిప్పలు పడుతూ, మంచులో కూరుకుపోయిన కారు తోసుకుంటూ, మా పెద్ద డాక్టర్ని (మీసాలాయన అనేవాళ్ళం, ఆయన వినకుండా) ఎదిరించి ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టాను. మా మనవళ్ళకి ఇలాగే చెప్పాను. నమ్మారు కూడా (పిల్లలు మంచివాళ్ళు).

ఆ ప్రాణం మా గుంటూరు అన్నయ్యది. నాకు చుట్టమేమీ కాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు, మా తెలుగు చర్చిలో పాటలకు పెద్ద గొంతు. షుగర్ జబ్బు చిన్నప్పట్నుంచీ ఉంది. గ్రీన్‌కార్డ్ కోసమని ఉపవాస ప్రార్థన పట్టి, అన్నంతోపాటు ఇన్సులిన్ కూడా మానేశాడు. "తిననివాడికి షుగర్ ఎక్కడిది తమ్ముడూ?" అన్నది ఆయన వాదం. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే తిన్నా తినకపోయినా రక్తం ఆమ్లమైపోతుందని ఆయనకి తట్టలేదు. ఆదివారం ఆరాధన మధ్యలో వాంతులతో కూలబడితే, వదిన మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చింది.

ఇన్సులిన్, సెలైన్ మొదలుపెట్టాం. మొదటి రిపోర్టులో పొటాషియం మామూలుగానే ఉంది. కానీ ఇన్సులిన్ చక్కెరతోపాటు పొటాషియాన్ని కూడా రక్తంలోంచి కణాల్లోకి తోసేస్తుంది. రక్తంలో అది అడుగంటితే గుండె తడబడి ఆగిపోవచ్చు. "ఇప్పుడే ఎక్కించాలి!" అని బల్ల గుద్ది మీసాలాయన్ని నిలదీశాను.

సరే, గుద్దలేదు. అక్కడ బల్లే లేదు. రిపోర్టు చాపి, మెల్లిగా "పొటాషియం, సర్?" అన్నాను. "మూత్రం వస్తోందో లేదో చూశావా?" అన్నాడాయన. చూడలేదు. కిడ్నీలు పనిచెయ్యనివాడికి ఎక్కిస్తే, ఆ పొటాషియమే ఒంట్లో పేరుకుని గుండెని ఆపేస్తుంది. కాసేపటికి మూత్రం వచ్చింది, రెండో రిపోర్టులో పొటాషియం దారుణంగా పడిపోయి కనిపించింది. ఇన్సులిన్ కాస్త ఆపి, సెలైన్‌లో పొటాషియం ఉప్పు కలపమన్నది కూడా ఆయనే.

అయితే నా పోరాటం అబద్ధమా? ఒప్పుకోను. నా అసలు ప్రత్యర్థి మంచం మీద ఉన్నాడు.

ఆ చుక్కలు నరంలోకి దిగాయో లేదో, అన్నయ్య సగం మత్తులోనే లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, కారం నూరి పోస్తున్నావా నా చేతిలో! తీసెయ్!" పొటాషియం నరాన్ని నిజంగానే మండిస్తుంది. చుక్కల వేగం తగ్గించాను. ఆయన వేగం తగ్గలేదు. రెండో చెయ్యి సూది మీదికి పోనిచ్చాడు.

"షుగర్ అని తీసుకొస్తే ఉప్పెక్కిస్తారేంటి డాక్టర్ గారూ?" అంది వదిన (అంతవరకూ నన్ను తమ్ముడూ అన్న మనిషి).

"ఉప్పే వదినా. అది లేకపోతే ఆయన గుండె ఆగిపోద్ది. నేను తియ్యను."

"నా ఒళ్ళు నా ఇష్టం. ప్రార్థన చేసుకుంటా, వదులు," అన్నాడు అన్నయ్య.

"ప్రార్థన నోటితోనే కదా! ఈ చెయ్యి నాకొదిలెయ్. గ్రీన్‌కార్డ్ వచ్చేసరికి తీసుకోడానికి మనిషుండాలా వద్దా?"

తిట్టాడు. పాటలు పాడే గొంతుతోనే, వార్డంతా మార్మోగేలా తిట్టాడు. నేను జంకలేదు. ఆ సీసా ఖాళీ అయ్యేదాకా రాయిలా కూర్చుని ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను. తర్వాతి రిపోర్టు చూసి మీసాలాయన మీసాల కింద నవ్వాడు (నవ్వాడనే అనుకుంటున్నాను, ఆ మీసాల్లో ఏదీ కనపడేది కాదు).

మొన్న డెట్రాయిట్ దగ్గరి నోవై ఊళ్ళో అన్నయ్య మనవరాలి పుట్టినరోజుకి వెళ్ళి, అడగకపోయినా మైకు తీసుకుని ఇదంతా చెప్పాను. చప్పట్లు కొట్టారు. అన్నయ్య కూడా కొట్టాడు, అదే చేత్తో. ఈ వయసులో నాకా మాత్రం గర్వం ఉండకూడదా?

వదిన మాత్రం కొట్టలేదు. కేకు ప్లేటు నా చేతిలో పెడుతూ, అందరికీ వినపడేలా అంది:

"నువ్వెక్కడ పట్టుకున్నావయ్యా? చెయ్యి పట్టుకుంది నేను. నువ్వు కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నావు."